పికప్పు వెనక పెద్దమామా ఇల్లు

బహ్రెయిన్‌లో చలికాలం రాగానే నాకు వీసా ఇచ్చిన యజమాని, మా కఫీల్ ఇంటివాళ్ళకు ఇల్లు ఇరుకైపోతుంది. ఎండలు తగ్గి సాయంత్రం గాలి చల్లబడిందంటే చాలు, డేరాలు, తివాచీలు, గిన్నెలు, జనరేటరు బండ్లకెక్కించి దక్షిణాన సఖీర్ ఎడారికి వెళ్ళి గుడారాలు వేసుకుంటారు. సెలవు దొరికినప్పుడల్లా అక్కడే ఉంటారు. మళ్ళీ ఎండలు ముదరకముందే అన్నీ పీక్కుని వచ్చేస్తారు. ఇక్కడ చాలా కుటుంబాలకు అదే పండగ.

నేను ఆ ఇంటి డ్రైవరును. అంతకు ముందు మామీర్‌లో ఒక క్యాంపులో ఉండి లేబర్ పని చేశాను. లైసెన్సు వచ్చాక ఈ ఇంట్లో చేరాను. మాది జగిత్యాల దగ్గర పల్లె. ఊళ్ళోవాళ్ళ మాటల్లో నేను ఇప్పటికీ దుబాయిలోనే ఉన్నాను. బహ్రెయిన్ అని చెప్పీ చెప్పీ మానేశాను.

ఇంట్లో కఫీల్‌ను బాబా అంటాను. ఆయన భార్యను మామా, అంటే ఇక్కడివాళ్ళ మాటలో అమ్మ. ఆయన తల్లికి నేనే ఒక పేరు పెట్టుకున్నాను, పెద్దమామా అని. మొదటిసారి ఫోనులో ఆ మాట విని నా భార్య నవ్వింది.

"పెద్దమామ ఎవలయ్యా? మా నాయిన ఆడికెప్పుడొచ్చిండు?"

పెద్దమామా ఎనభైకి దగ్గరగా ఉన్న మనిషి. పొట్టిగా, గుండ్రంగా ఉంటుంది. నల్లటి ముసుగులోంచి చిన్న ముఖం, దాంట్లో ఎప్పుడూ దేన్నో వెతుకుతున్నట్టుండే కళ్ళు. అరబ్బీలో హిందీ కలిపి మాట్లాడుతుంది, లేకపోతే హిందీలో అరబ్బీ కలిపి. మేమిద్దరం ఎలా అర్థం చేసుకుంటామో మాకే తెలియదు గానీ, ఎక్కడా ఆగింది లేదు. మోకాళ్ళు అరిగిపోయి కొన్ని చలికాలాలుగా ఆమె ఎడారికి రావడం మానేసింది. అందరూ వెళ్ళిపోతే పనిమనిషితో ఇంట్లో ఉండిపోయేది. వెళ్ళేవాళ్ళు ఆమె నుదుటి మీద ముద్దు పెట్టి బండి ఎక్కేవాళ్ళు.

ఆ ఏడాది సామాను ఎక్కిస్తుంటే గేటు దగ్గర కుర్చీ వేయించుకుని కూర్చుంది. కొంతసేపు చూసి కొడుకును పిలిచింది.

"నేనూ వస్తాను. నాకు మంచం కావాలి. బాత్రూం కావాలి. నన్ను ఇసుకలో ఎత్తుకుని తిప్పొద్దు. ఇవి రెండూ ఉంటే చెప్పు, లేకపోతే యల్లా, వెళ్ళండి."

బాబా ఆ వారం గడవకుండానే మామీర్‌లో ఒక యార్డులో పాత కారవాన్ కొన్నాడు. కారవాన్ అంటే చక్రాల మీద ఇల్లు. ముందు గదిలో మంచం, మధ్యలో చిన్న వంటగది, పక్కన బాత్రూం, వెనక ఇంకో చిన్న గది. దానికి ఇంజను ఉండదు. ఇంకో బండి వెనక తగిలించి లాక్కెళ్ళాలి. ఆ లాగే బండి మా ఇంటి పికప్పు, లాగాల్సింది నేను.

పికప్పు మధ్యరకం బండి. మరీ చిన్నదేం కాదు, అలాగని ఇక్కడి కుర్రాళ్ళు ఇసుక దిబ్బలెక్కించే పెద్ద బండ్ల జాతీ కాదు. నాకు కొంచెం అనుమానం వచ్చి, మామీర్ క్యాంపులో నాతోపాటు ఉన్న ఒక అన్నను పిలిచాను. ఆయనది కాకినాడ వైపు. ఇప్పుడు అమ్వాజ్ దీవుల్లో మెయింటెనెన్స్ పని. అక్కడి పడవలను బండి వెనక తగిలించి నీళ్ళలోకి దింపడం, బయటికి లాగడం ఆయన రోజూ చేసే పని. శుక్రవారం పొద్దున మాత్రం చర్చి ఫెలోషిప్‌కు తప్ప ఇంకెక్కడికీ పోడు. అందుకని డ్యూటీ అయ్యాక ఒక సాయంత్రం వచ్చాడు.

కారవాన్ చుట్టూ తిరిగి టైర్ల దగ్గర కూర్చుని వేలితో తడిమాడు.

"తిరిగింది తక్కువే తమ్ముడూ, కానీ ఎండకి బీటలిచ్చేసాయి. ముందు ఇవి మార్పించమను." తర్వాత తలుపు పక్కన కొట్టిన రేకు మీద బరువు చదివాడు. "ఖాళీగా అయితే మీ పికప్పు లాగుద్ది. నీళ్ళు నింపేసి, జనరేటరెక్కించేసి, సంసారమంతా ఇందులో పెడితే మటుకు లాగదు. నీళ్ళు అక్కడికెళ్ళాక పోసుకోండి."

"నేను ట్రాక్టర్ ట్రాలీ నడిపిన అన్నా. పసుపు బస్తాలేసుకొని మెట్‌పల్లి దాక పోయేటోన్ని. నాకేం కొత్తగాదు."

"ట్రాక్టరు ఎంత స్పీడెళ్ళేది?"

"ఏం స్పీడన్నా, నడిశెటోడు గూడ దాటిపోతడు."

"మరి ఇది రోడ్డు మీద పరిగెట్టాలి కదా. పరిగెడితేనే దీని గుణం బయటపడుద్ది."

టైర్లు మార్పించాం. పికప్పు అద్దాల పక్కన కారవాన్ వెనక కనబడేలా ఇంకో జత పెద్ద అద్దాలు బిగించాం. పికప్పు వెనక ఉక్కు గుండు, కారవాన్‌కు ముందుకు పొడుచుకొచ్చిన ఇనప ముక్కు. ఆ ముక్కును గుండు మీద కూర్చోబెట్టి, గొళ్ళెం వేసి, గొలుసులు తగిలించి, లైట్ల తీగ కలపాలి. యార్డు లోపలే నాలుగు చుట్లు తిరిగి, వెనక్కి కూడా నడిపి చూపించాను. స్టీరింగు కుడికి తిప్పితే వెనకది ఎడమకు పోతుందని ట్రాక్టరు నా చేతులకు ఎప్పుడో నేర్పింది. అన్న తలూపాడు. నాకు ధైర్యం వచ్చింది.

గురువారం మధ్యాహ్నం బయల్దేరాం. జనరేటరు, నీళ్ళ డబ్బాలు బాబా తమ్ముడొకాయన అంతకు ముందే తీసుకుపోయాడు. మిగిలిన సామాను ఇంట్లో ఆడవాళ్ళు, పిల్లలు కలిసి కారవాన్‌లోకి ఎక్కించారు. నేను గొళ్ళెం చూసుకున్నాను, గొలుసులు చూసుకున్నాను, లైట్లు వెలిగించి చూసుకున్నాను. లోపల ఏది ఎక్కడ పెట్టారో మాత్రం చూడలేదు.

పెద్దమామాను బాబా తన కారులో కూర్చోమన్నాడు. ఆమె వినలేదు.

"నా ఇల్లు ఏ బండి వెనక వస్తుందో నేను ఆ బండిలో ఉంటాను."

పికప్పు ముందు సీటులోకి ఆమెను ఎక్కించడానికి ఇంటిల్లిపాదీ చెయ్యి వేయాల్సి వచ్చింది. ఒళ్ళో కహ్వా ఫ్లాస్కు పెట్టుకుంది. పాలు, చక్కెర లేకుండా యాలకులు వేసి కాచే అరబ్బీ కాఫీ అది. అది లేకుండా ఆమె ఆసుపత్రికి కూడా వెళ్ళదు.

ఊళ్ళో ఉన్నంతసేపు బాగానే ఉంది. సిగ్నళ్ళ దగ్గర జనం మా వైపు చూస్తే పెద్దమామా చెయ్యి ఊపింది. దక్షిణం వైపు హైవే ఎక్కి, ఇళ్ళు తగ్గి మైదానం మొదలయ్యాక పక్కనుంచి గాలి కొట్టడం మొదలుపెట్టింది. ఇక్కడ చలికాలంలో వచ్చే వాయవ్యపు గాలి, శమాల్ అంటారు. అదే సమయానికి ఒక పెద్ద ట్రక్కు మమ్మల్ని దాటింది. వెనక ఏదో మెల్లగా తోసినట్టయింది. అద్దంలో చూస్తే కారవాన్ కుడికి వంగి కనిపించింది. మరుక్షణం ఎడమ అద్దంలో కనిపించింది. మళ్ళీ కుడి. ప్రతిసారీ ఇంకొంచెం ఎక్కువగా. కుక్క తోక ఊపితే కుక్కే ఊగినట్టు, దాని ఊపుకు పికప్పు ఊగుతోంది. స్టీరింగు నా చేతుల్లో తేలికైపోయింది.

నా కాలు బ్రేకు మీదికి పోబోయింది. ఎందుకో పోలేదు. భయంతో కాళ్ళు బిగుసుకుపోయి ఉండాలి. యాక్సిలేటరు వదిలేసి, స్టీరింగు నేరుగా పట్టుకుని కూర్చున్నాను. వెనక కారవాన్‌లో గిన్నెలు దొర్లుతున్న చప్పుడు వినబడుతోంది. బండి నెమ్మదిస్తున్న కొద్దీ ఊపు చిన్నదైంది. చివరికి రోడ్డు పక్కకు చేర్చి ఆపాను. నా చొక్కా వీపుకు అతుక్కుపోయింది.

పెద్దమామా ఫ్లాస్కును రెండు చేతులతో గుండెకు హత్తుకుని కూర్చుంది. ఆమె భయపడిందనుకున్నాను.

"ఇంకోసారి చేస్తావా?" అంది.

"ఏంటి మామా?"

"ఇప్పుడు చేసిందే. చిన్నప్పుడు మా నాన్న పడవలో ఇలాగే ఉండేది."

వెనకే బాబా కారు ఆగింది. ఆయన ముఖం తెల్లబోయింది. నేను అన్నకు ఫోను చేశాను. అమ్వాజ్‌లో ఏదో యంత్రం హోరులోంచి ఆయన గొంతు వినబడింది.

"ఊగిందా? సామాను ఎక్కడెట్టారు?"

పోయి తలుపు తీసి చూశాను. పెద్దమామా మంచం చుట్టూ ఇరుకు కాకూడదని ముందు గది నీటుగా ఖాళీ ఉంచారు. బొగ్గు బస్తాలు, బియ్యం, తివాచీల చుట్టలు, పిల్లల సైకిళ్ళు, అన్నీ వెనక గదిలో పైకప్పు దాకా పేర్చారు.

"మొత్తం ఎనకనే ఉందన్నా."

"అదే మరి. వెనక బరువైతే ముక్కు తేలిపోద్ది. ముక్కు తేలితే తోక ఊపుద్ది. బరువైనవన్నీ చక్రాల మీదకి, కాస్త ముందుకి జరపండి. తేలికవి వెనకెట్టుకోండి. గుండు మీద కొంచెం బరువు కూర్చోవాలి తమ్ముడూ. మెల్లగా వెళ్ళు. నిన్ను దాటి పోయేవాళ్ళని పోనీ."

బాబా, నేను, పెద్ద పిల్లలు కలిసి రోడ్డు పక్కన సామాను దింపడం మొదలుపెట్టాం. పెద్దమామాకు కుర్చీ వేశాం. ఇంతలో ట్రాఫిక్ పోలీసు బండి వచ్చి ఆగింది. దిగినతను కుర్రవాడు. తివాచీలు, సైకిళ్ళు, బొగ్గు బస్తాలు, వాటి మధ్య రాణిలా కూర్చున్న ముసలావిడను చూసి టోపీ సర్దుకుంటూ దగ్గరికి వచ్చాడు. పెద్దమామా అతనికి కహ్వా పోసి ఇచ్చింది. మీ నాన్నెవరు, మీ తాతెవరు అని అడిగింది. అతని తాత ఇంటి పక్కన తన మేనత్త ఉండేదని తేల్చింది. ఆ తర్వాత అతను టోపీ బండిలో పెట్టి వచ్చి బియ్యం బస్తాకు ఒక వైపు చెయ్యేశాడు. మేము కదిలాక కొంత దూరం దీపాలు వెలిగించుకుని మా వెనకే వచ్చాడు కూడా.

మళ్ళీ రోడ్డెక్కాక బండి వేరే బండిలా ఉంది. గాలి కొట్టినా కారవాన్ బుద్ధిగా వెనకే వచ్చింది. పెద్దమామా కాసేపు ఎదురుచూసి, ఇక ఊగదని తేలాక నిద్రపోయింది.

సఖీర్‌లో తారు రోడ్డు వదిలి మట్టిదారి పట్టాం. దూరంగా చమురు బావుల దగ్గర ఇనప యంత్రాలు తలలూపుతున్నాయి. మా వాళ్ళ డేరాలు అప్పటికే వేసి ఉన్నాయి. రెండు డేరాల మధ్య కారవాన్‌ను వెనక్కి నడిపి నిలబెట్టాలి. తలుపు గాలికి ఎదురుగా ఉండకూడదు, పొద్దున ఎండ మెట్టు మీద పడాలి. ఇవి పెద్దమామా షరతులు.

బాబాకు ముగ్గురు తమ్ముళ్ళు. ముగ్గురూ మూడు వైపుల నిలబడి చేతులూపడం మొదలుపెట్టారు. ఒకాయన యమీన్ అంటే కుడి, ఇంకొకాయన యసార్ అంటే ఎడమ, మూడో ఆయన ఖలాస్, ఇక చాలు, అంటాడు. ముగ్గురి మాటా ఒకేసారి విందామని ప్రయత్నించి ఎవరి మాటా వినలేకపోయాను. కారవాన్ వెనక మూల పోయి వంట డేరా తాడుకు తగిలింది. మేకు ఊడింది. డేరా ఒక పక్కకు మెల్లగా, మర్యాదగా కూలిపోయింది. అందులో బాబా బావమరిది ఉల్లిపాయలు తరుగుతున్నాడని నాకు తెలియదు. గుడ్డ కింద ఒక ఆకారం లేచి నిలబడి, చేతులు చాపి, దారి వెతుక్కుంటూ నడిచింది. బయటపడేసరికి ఆయన కళ్ళ నిండా నీళ్ళు. అవి ఉల్లిపాయల వల్లేనని మాకు చాలాసార్లు చెప్పాడు.

నేను తిట్లకు సిద్ధపడ్డాను. కానీ పెద్దమామా సీటులో కడుపు పట్టుకుని నవ్వుతోంది. తల్లి అలా నవ్వుతుంటే కొడుకులకు కోపం ఎలా వస్తుంది. నవ్వు ఆగాక ఆమె అద్దం దింపి తల బయట పెట్టి కొడుకులందరినీ నోరు మూసుకోమంది.

"అతను నడుపుతాడు. మీరు టీ తాగండి."

ఎవరూ మాట్లాడకపోతే పని తేలికైంది. ముందుకు లాగి, బండ్లు రెండూ వరసలో పెట్టుకుని, స్టీరింగు అడుగున చెయ్యి పట్టి వేలి వెడల్పు చొప్పున తిప్పుతూ వెనక్కి తెచ్చాను. చివర్లో పికప్పు చక్రాలు ఇసుకలో దిగబడ్డాయి. టైర్ల గాలి కొంచెం తీసి, కింద పలకలు వేసి గట్టెక్కించాం.

తర్వాత కారవాన్ సమంగా నిలబెట్టాలి. నాలుగు మూలలా జాకీలున్నాయి. పెద్దమామా లోపల మంచం మీద కూర్చుని, వంటకు వాడే ఎండు నిమ్మకాయ ఒకటి బల్ల మీద పెట్టింది. అది దొర్లి కింద పడింది.

"కుడివైపు ఎత్తు," అంది లోపలినుంచి.

ఎత్తాను. ఈసారి నిమ్మకాయ ఇటువైపు దొర్లింది. అలా అటూ ఇటూ చాలాసేపు ఆడించింది. చివరికి నిమ్మకాయ నిలబడింది. అది నిలబడ్డాక కూడా ఆమె ఇంకోసారి ఎత్తించిందని నా అనుమానం. అప్పటికి ఆమెకు ఆట బాగా నచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం ఫెలోషిప్ ప్రార్థన ముగించుకుని అన్న వచ్చాడు. వాళ్ళు ప్రార్థనయ్యాక కలిసి భోంచేస్తారు. ఆ భోజనంలోంచి చేపల పులుసు డబ్బాలో తెచ్చాడు. నేను పెద్దమామాకు ఆయన్ను చూపించి, నిన్న రోడ్డు మీద మనల్ని గట్టెక్కించింది ఈయనే అని చెప్పాను. ఆమె ఆయన్ను మెట్టు మీద కూర్చోబెట్టి పులుసు రుచి చూసింది. ముక్కు ఎర్రబడింది, కళ్ళు తుడుచుకుంది, ఇంకొంచెం వెయ్యమంది.

"ఈవిడ మా ఊరావిడే తమ్ముడూ," అన్నాడు అన్న.

నా భార్యకు వీడియో కాల్ చేసి కారవాన్ చూపించాను.

"ఏందది, అంబులెన్సా?"

"కాదే. ఇల్లు. మంచం గూడ ఉంది, సూడు."

"మరి ఇల్లుకు చక్రాలెందుకు?"

"యాడికంటే ఆడికి గుంజుకపోవచ్చు."

"మన ఇంటికి గూడ గట్ల చక్రాలుంటే బాగుండు. మీ అక్క వచ్చినప్పుడు దూరం జరపొచ్చు."

అనుకున్నదేమిటంటే శనివారం సాయంత్రం అందరూ ఇంటికి తిరిగి వెళ్ళాలి. పెద్దమామా రానంది. పనిమనిషి ఉంటే చాలు, డ్రైవరు ఉంటే ఇంకా మంచిది, మీరంతా వెళ్ళండి అంది. ఆ చలికాలమంతా ఆమె దాదాపు అక్కడే గడిపింది. వారానికోసారి ఇంటికి తీసుకెళ్తే స్నానం చేసి, ఇల్లు పాడైపోయిందని కోడలితో చెప్పి మళ్ళీ బండెక్కేది. పొద్దున్నే మెట్టు మీద ఎండలో కూర్చునేది. పక్క క్యాంపుల్లో ముసలివాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేవారు. మధ్యాహ్నానికి అక్కడ చిన్న దర్బారు. వాళ్ళలో ఒకరి కొడుకు తన కారవాన్ వెనక్కి నడపలేక చెమటలు కక్కుతుంటే పెద్దమామా నన్ను పంపింది. తర్వాత ఇంకొకరు పిలిచారు. ఎవరికి అవసరమైనా ఆమెనే అడగాలి. నా గురించి ఆమె అందరికీ ఏం చెప్పేదో నాకు తెలియదు గానీ, నేను నడిచి వెళ్తుంటే ముసలివాళ్ళు సలాం చెప్పేవారు. బావమరిది మాత్రం నేను పికప్పు తలుపు తీసిన ప్రతిసారీ డేరాలోంచి బయటికొచ్చి నిలబడేవాడు.

ఎండలు మొదలయ్యాయి. డేరాలు విప్పే రోజు వచ్చింది. ఈసారి సామాను నేనే పేర్చాను. పెద్దమామా ముందు సీట్లో కూర్చుంది. హైవే మీదికొచ్చాక అడిగింది.

"ముహర్రఖ్ ఎంత దూరం?"

మా ఇల్లు మధ్యలోనే వస్తుంది. ముహర్రఖ్ అవతల, మనామా దాటి, వంతెన మీదుగా వెళ్ళాలి. అక్కడ ఆమె చెల్లెలు ఉంది. ఆమెకూ మోకాళ్ళు పనిచెయ్యవు. ఇద్దరూ ఫోనులో మాట్లాడుకోవడమే తప్ప చూసుకుని చాలా కాలమైంది. ఒకరింటికి మెట్లెక్కువ, ఇంకొకరింటికి గడప ఎత్తు.

"బాబాను అడుగుతా మామా."

"నేను వాడి తల్లిని. నేను చెప్తున్నాను."

ఫోను చేస్తే బాబా నిట్టూర్చి, "శువై శువై వెళ్ళు," అన్నాడు. మెల్లగా అని.

మనామా సముద్రపు రోడ్డు మీద ఆ మధ్యాహ్నం మా వెనక కార్ల వరస చాలా పొడుగ్గా ఉంది. వంతెన మీద గాలి ఉంది గానీ కారవాన్ కదల్లేదు. ముహర్రఖ్ పాత వీధులు మనుషులకే ఇరుకు. చెల్లెలి సందు మొదట్లో, కోల్డ్ స్టోర్ ముందు ఆపాను. కోల్డ్ స్టోర్ అంటే ఇక్కడి కిరాణా కొట్టు. దాన్ని నడిపే మలయాళీ భాయ్ బయటికొచ్చి చూసి, ఏమీ అడక్కుండా తన చేపల డబ్బాలు పక్కకు జరిపి చోటిచ్చాడు. ఆయనా నేనూ కలిసి పెద్దమామాను సీటు దింపి కారవాన్‌లోకి ఎక్కించాం.

చెల్లెలిని మనవలు చక్రాల కుర్చీలో తోసుకొచ్చారు. అక్క కంటే చిన్నది, సన్నది. కారవాన్ చూసి, తలుపులో నిలబడిన అక్కను చూసి రెండు చేతులూ ముందుకు చాపింది.

"ఎక్కు. ఒకటే మెట్టు," అంది పెద్దమామా.

ఎక్కించాం. లోపల మంచం మీద ఇద్దరూ పక్కపక్కన కూర్చున్నారు. పెద్దమామా ఆమెకు కుళాయి తిప్పి చూపించింది, బాత్రూం తలుపు తీసి చూపించింది, పరుపు నొక్కి చూపించింది. తర్వాత తలుపు దగ్గరికి వేయమంది. లోపల్నించి మాటలు, నవ్వులు, మధ్యలో కొంచెం ఏడుపు, మళ్ళీ నవ్వులు. సందులోని ఆడవాళ్ళు పళ్ళేల్లో ఏవేవో తెచ్చి కిటికీలోంచి అందించారు. పొద్దుగూకగానే మగ్రిబ్ ప్రార్థనకు వెళ్ళేవాళ్ళు బండి పక్కనుంచి ఒదిగి వెళ్తూ కిటికీ వైపు చూసి సలాం చెప్పారు. మలయాళీ భాయ్ నాకు పాలు చిక్కగా పోసిన కరక్ టీ ఇచ్చాడు. గోడకు ఆనుకుని తాగాను.

బాబా ఫోను చేశాడు. "ఎక్కడున్నారు?"

"ఇక్కడే బాబా, ముహర్రఖ్‌లో."

"ఇంకా ఎంతసేపు?"

కిటికీలోంచి చూశాను. చెల్లెలు చెప్పులు విడిచి కాళ్ళు మంచం మీదికి చాపుకుంది. పెద్దమామా రెండో దిండు ఆమె వీపు వెనక సర్దుతోంది.

"తెల్వది బాబా," అన్నాను తెలుగులోనే. ఆయనకు అర్థమైనట్టే ఉంది. నవ్వి ఫోను పెట్టేశాడు.